ఎవరి మాట వాళ్లింట్లో

మా చెల్లెలు చనిపోయింది. మీలో కొందరికి ఈ వార్త ముందే చేరి ఉంటుంది. ఫోన్లలో తిరిగింది. యూనిఫాం చీరలో ఉన్న పాత ఫోటో, దాని చుట్టూ పూలదండ బొమ్మ, కింద ‘మూగబోయిన అడవి గొంతుక’ అని పెద్ద అక్షరాలు. ఎవరు రాశారో నాకు తెలియదు. ఆమె ఎవరి గొంతుకా కాదు. చర్ల దాటి లోపలికి వెళ్తే వచ్చే ఒక సబ్‌సెంటర్‌లో ఏఎన్ఎం. పిల్లలకు టీకాలు వేసేది. కాన్పులు చూసేది. జ్వరం వచ్చిన వాళ్ల వేలు గుచ్చి రక్తం పరీక్ష చేసేది. మిగిలిన పొద్దంతా గూడేల్లో ముసలివాళ్ల పక్కన కూర్చుని, వాళ్ల చిన్ననాటి సంగతులు అడిగి, ఫోన్లో రికార్డు చేసేది. అంతే. ఆ పనికి గొంతుక అనే పేరు అక్కర్లేదు.

కోపంగా రాస్తున్నాను. ముందే చెప్పడం మంచిది. పొద్దున్నే రామనామం చెప్పుకోనిదే పొయ్యి వెలిగించని మనిషిని నేను. ఇంట్లో పెద్దదాన్ని. గొంతు పెంచి మాట్లాడిన రోజు నాకు గుర్తు లేదు. ఈ మధ్య జపమాల పట్టుకుంటే పూసలు కదులుతున్నాయి, నోట్లో పేరు కదలడం లేదు.

మొదటి కోపం ఆమె మీదే. మలేరియా మెదడుకు ఎక్కిందన్నారు డాక్టర్లు. అందరి వేళ్లూ గుచ్చిన మనిషి తన వేలు గుచ్చుకోలేదు. ఒళ్లు కాలుతుంటే మాత్ర మింగి డ్యూటీకి వెళ్లింది. పడిపోయిన రోజు వాగు పొంగి ఉంది. అంబులెన్సు అవతలి ఒడ్డున ఆగిపోతే, గూడెం వాళ్లు మంచానికి తాళ్లు కట్టి, భుజాల మీద వాగు దాటించారు. మోసిన వాళ్లలో ఒకాయన భద్రాచలం దవాఖానా వరండాలో తడిసిన లుంగీతోనే కూర్చుని నాకు చెప్పాడు.

“తొవ్వంత మమ్మల్ని తిట్టుకుంటనే వచ్చింది అక్కా. మెల్లగ నడువున్రి, నేనెట్లనో అట్ల పోత, మీరు జారి కాళ్లిరగ్గొట్టుకుంటే కట్టు కట్టెటోళ్లెవరు అన్నది.”

మేం కారేపల్లి నుంచి వెళ్లేసరికి ముఖం మీద బట్ట కప్పారు. అంత జ్వరంలో వాళ్ల కాళ్ల సంగతి ఆలోచించిన మనిషి తన ఒంటి సంగతి ఎందుకు ఆలోచించలేదు? ఇది నేను దేవుణ్ని అడగలేదు. ఆమెనే అడుగుతున్నాను. ఇప్పటికీ.

ఆమె పని నేను దగ్గర నుంచి చూసింది ఒక వేసవిలో. నా మోకాలి నొప్పికి అక్కడి పసరు మంచిదని నన్ను పిలిపించుకుంది. నొప్పి తగ్గలేదు గానీ ఆమె వెంట గూడేలన్నీ తిరిగాను. భుజానికి టీకాల పెట్టె, చంకలో సంచి, సంచిలో పాలిథిన్ కవర్లో చుట్టిన ఫోన్. ఎవరింటికి వెళ్లినా ముందు జావ అడిగి తాగేది. ఇవ్వకముందే అడిగేది. నాకు సిగ్గేసేది.

“గట్ల అడుక్కుంటరా?” అన్నాను ఒకసారి.

“అడగకపోతే వాళ్లు నన్ను సర్కారు మనిషి అనుకుంటరక్కా. అడిగితే ఆకలైన మనిషి అనుకుంటరు” అన్నది.

ఎవరినీ కుర్చీలో కూర్చోబెట్టి అడిగేది కాదు. వాళ్లు చింతపండు కొడుతుంటే తనూ కూర్చుని గింజలు తీసేది. ఇప్పపువ్వు ఎండబోస్తుంటే తనూ చేయి వేసేది. ఫోన్ పక్కనే తువ్వాలు కింద ఉండేది. ఉందని ముందే చెప్పేది, చూపించేది. కాసేపటికి అందరూ దాన్ని మర్చిపోయేవాళ్లు. అప్పుడు తన మొదటి ప్రశ్న వేసేది. ఎవరినైనా అదే ప్రశ్న.

“అవ్వా, నీ మాయ ఎక్కడ పాతిన్రే?”

కాన్పయ్యాక మాయను ఇంటి దగ్గరే గొయ్యి తీసి పాతిపెడతారు కదా, అది. ఆ ప్రశ్నకు ముందు అందరూ నవ్వేవాళ్లు. కోడళ్లు నోటికి కొంగు అడ్డం పెట్టుకునేవాళ్లు. తర్వాత ముసలివాళ్ల చేయి లేచేది. గుట్ట వైపో, వాగు అవతలికో చూపించేది. ఆ చేయి వెంట పాత ఊరు వచ్చేది. ఆ ఇంటి ముందు ఏ చెట్టు, పక్కిల్లు ఎవరిది, ఊరు ఎందుకు లేచిపోయింది, ఎవరు వెళ్లగొట్టారు, ఏ వానలో ఏ పిల్లను ఎత్తుకుని నడిచారు.

“మీదే ఊరని అడిగితే ఒక్క ముక్కల చెప్పి ఊకుంటరక్కా. మాయ ఎక్కడ అని అడిగితే చెయ్యి పట్టుకుని తీస్కపోతరు.”

ఒకసారి పోలీసు క్యాంపు జవాను ఒకడు ఆపి అడిగాడు. “ఏం రికార్డు చేస్తున్నరు సిస్టర్? మాకు కూడ చెప్పాలె కదా.” ఆమె భయపడలేదు. “ముందు మీరు చెప్పున్రి తమ్మీ, మీ మాయ ఎక్కడ పాతిన్రు?” అన్నది. వాడు బిత్తరపోయాడు. తర్వాత తుపాకీ చెట్టుకు ఆనించి, వాళ్లమ్మ గురించి, వాళ్ల ఇంటి వెనక సందు గురించి ఎండ నెత్తి మీదికి వచ్చేదాకా చెప్పాడు. వాడి సంగతి మాత్రం ఆమె రికార్డు చేయలేదు. ఎందుకు చేయలేదంటే, “వాళ్లిల్లు ఎక్కడనో దూరం. కార్డు తీస్కపోయి ఎట్ల ఇయ్యాలె?” అన్నది.

అదీ ఆమె పద్ధతి. మీకు ముఖ్యంగా చెప్పవలసింది ఇదే. రికార్డు చేసిన మాట ఆమె దగ్గర ఉంచుకునేది కాదు. నాలుగు రోజులాగి మళ్లీ ఆ ఇంటికి వెళ్లేది. పాటల డబ్బా అంటారే, ఆ చిన్న స్పీకరులో పెట్టి ఇంటిల్లిపాదికీ వినిపించేది. చెప్పిన మనిషి వింటూ ఎక్కడైనా “ఇది తీసెయ్” అంటే అక్కడే, వాళ్ల కళ్ల ముందే తీసేసేది. మిగిలింది ఫోన్లో వేసే చిన్న మెమరీ కార్డులో ఎక్కించి ఆ ఇంటివాళ్ల చేతిలో పెట్టేది. తన ఫోన్లోంచి తుడిచేసేది. కార్డు మీద పేరు ఉండదు, ఊరు ఉండదు.

“పేరన్న రాయరాదె?” అన్నాను.

“ఇంట్ల ఉన్నదానికి పేరెందుకక్కా? మన చెంబు మీద చెంబు అని రాస్కుంటమా?” అన్నది. మళ్లీ తనే, “ఈ అడవిల పేర్లు రాసి పెట్టుకుంటే ఎవలో ఒకలు వచ్చి అడుగుతరు. ఇటోళ్లు అడగకపోతే అటోళ్లు అడుగుతరు” అన్నది.

వాళ్లు ఆ కార్డులు దాచుకునే తీరు చూడాలి. ఒకరు అగ్గిపెట్టెలో పెట్టి దేవుడి మూలన. ఒకరు రేషన్ కార్డు కవర్లో. ఒకామె తాయెత్తులో పెట్టించి మెడలో వేసుకుంది. పండగకో, పెద్దల పేరు తలుచుకునే రోజుకో తీసి డబ్బాలో పెట్టి వినేవాళ్లు.

ఆ వేసవిలోనే ఒక ముసలాయన ఒక సంగతి చెప్పాడు. ఆయన ఎవరిని దాచాడో, ఎవరిని పట్టిచ్చాడో, ఆ తర్వాత ఎన్నాళ్లు నిద్రపోలేదో. వాళ్లు తమలో తాము మాట్లాడుకునే గూడెం భాష నాకు రాదు. చెల్లెలే నాకు తెలుగులో చెప్పింది. నాలుగు రోజులకు వినిపిస్తే ఆయన చివరిదాకా విని “తీసెయ్ బిడ్డా” అన్నాడు. తీసేసింది. దారిలో నేను ఊరుకోలేక, “అంత గొప్ప సంగతి! ఒక్కటి ఉంచుకుంటే ఏమయ్యేది?” అన్నాను.

“అది ఆయనది. నేను ఎత్తి దించుడే” అన్నది. ఆమెకు బాధ లేదని కాదు.

ఈ పద్ధతిలో నష్టం ఉంది. దాచిపెట్టను. ఒక ఇంట్లో వేసవి గాలివానకు గోడ కూలి కార్డు నానిపోయింది. చెప్పిన మనిషి అప్పటికే లేడు. ఆ రోజు ఆమె అన్నం వండలేదు. నేను వండితే తినలేదు. తెల్లారి టీకాల పెట్టె భుజానికి తగిలించుకుంటూ, “పోయింది. కని వాళ్లింట్లనే పోయింది” అన్నది. ఆ మాట ఆమె నాకు చెప్పిందో, తనకు చెప్పుకుందో.

ఇక పెద్దకర్మ రోజు సంగతి. కారేపల్లిలో మా ఇంట్లోనే చేశాం. ఖమ్మం నుంచి ఒక సారు వచ్చాడు. పాత పాటలూ, మాటలూ, సామాన్లూ పోగుచేసి భద్రపరిచే సంస్థ ఒకటి నడుపుతాడట. పేరు రాయను. ఎవరినీ బజారుకు ఈడ్చడానికి కాదు నేను రాస్తున్నది. దండ తెచ్చాడు, దండతోపాటు చెల్లెలి ఫోటో ముద్రించిన ఫ్లెక్సీ కూడా. ఆమె బతికి ఉండగా ఇలాంటి వాళ్లు ఒక్కరూ ఆ వాగు దాటలేదు. చచ్చిపోయాక ఫ్లెక్సీకి మాత్రం ఫోటో దొరికింది.

“మీ సిస్టర్ చేసింది మామూలు పని కాదమ్మా. అదంతా సమాజం ఆస్తి. ఆమె కలెక్షన్ మాకు ఇస్తే ఆమె పేరు మీదే ఒక గది పెడతాం” అన్నాడు.

నేను విస్తళ్లలో వడ్డిస్తున్నాను. “ఆమె దగ్గర ఏమీ లేవు” అని చెప్పి లోపలికి వెళ్లాను. నా వెనక మా తమ్ముడు ఉన్నాడు. ఇల్లెందు వైపు బొగ్గుబాయిలో ఉద్యోగం. మంచివాడు. పేరొస్తుందంటే మాత్రం కరిగిపోతాడు. “గూడెంల ఎవలింట్ల వాళ్లకు ఇచ్చింది సార్. పోయి అడిగితే ఇస్తరు” అని చెప్పాడట. నాకు తర్వాత తెలిసింది.

ఆ సారు జీపులో వెళ్లాడు. చెల్లెలి ఫోటో చేతిలో పట్టుకుని ఇంటింటికీ తిరిగాడు. కాపీ చేసుకుని వారంలో తెచ్చిస్తానన్నాడు. ఇచ్చారు. అగ్గిపెట్టెలు తెరిచి ఇచ్చారు, తాయెత్తు విప్పి ఇచ్చారు. అన్నీ ఒకే కవర్లో వేసుకుని వెళ్లిపోయాడు. వారం పోయింది, నెలలు పోయాయి.

ఒక మధ్యాహ్నం కన్నమ్మ ఫోన్ చేసింది. చెల్లెలు, అంటే వాళ్ల నర్సమ్మ, ఉండే క్వార్టరుకు ఎదురిల్లు ఆమెది. వాళ్లమ్మ పోయి ఏడాది కావస్తోంది.

“పెద్దమ్మా, మా అమ్మను ఫోన్ల పెట్టిన్రు. చూసినవా?”

“ఏం పెట్టిన్రు బిడ్డా?”

“అమ్మ మాట. గుట్టల బొమ్మలు పెట్టి, ఎనక పిల్లనగ్రోవి ఊదించిన్రు, మాట సగం తుంచి పెట్టిన్రు. చర్ల సంతల అందరి ఫోన్లల్ల అదే. మా ఆడపడుచు ఇని ఏడ్చుకుంట వచ్చింది, మీ అమ్మ గన్ని కష్టాలు పడ్డదా అని. మా అమ్మ ఏడ్వలే పెద్దమ్మా. నవ్వుకుంట చెప్పింది. మొదటి మొగనితోని పడక, వాణ్ని తప్పతాగించి పండబెట్టి, మా నాయనతోని ఎట్ల ఉరికొచ్చిందో చెప్పింది. మేమందరం కడుపు పట్టుకుని నవ్వినం. నర్సమ్మ సుత నవ్వింది. గిప్పుడు ఇంటే ఎవలో సచ్చినట్టే ఉన్నది.”

ఆ వీడియో నాకూ పంపింది. విన్నాను. మాటలు నాకు అర్థం కావు. పిల్లనగ్రోవి అర్థమైంది. అది వస్తే ఏ మాటైనా ఏడుపే. కోడి కూతలు లేవు, చింతపండు కొట్టే చప్పుడు లేదు. ఇంకొకటి కూడా లేదు. అదేమిటో మొదట తెలియలేదు. మళ్లీ విన్నాక తెలిసింది. మా చెల్లెలు లేదు. రికార్డు చేస్తున్నంతసేపూ ఆమె ‘ఊఁ’ కొట్టేది. ‘ఊఁ... ఊఁ...’ అని. ఒక్క ప్రశ్న తర్వాత ఆమె నోటి నుంచి వచ్చేది అదొక్కటే. అది తీసేశారు.

కింద ‘ఒక గిరిజన మహిళ ఆవేదన’ అని రాసి ఉంది.

ఆ రోజు దీపం పెట్టలేదు. తమ్ముణ్ని పిలిచాను. “రేపు సెలవు పెట్టు. ఖమ్మం పోతున్నం” అన్నాను. ఏంది, ఎందుకు అని వాడు అడగలేదు. నేను అంత మెల్లగా మాట్లాడితే వాడికి భయం.

సారు మర్యాదగానే కూర్చోబెట్టాడు. టీ తెప్పించాడు. నేను ముట్టలేదు. కార్డులు తీసుకుపోవడానికి వచ్చామని చెప్పాను.

“తొందరెందుకమ్మా? ఇంకా పని జరుగుతోంది. అసలు అవి గుడిసెల్లో ఉంటే ఏమవుతాయి? ఎలుకలు కొడతాయి, తడుస్తాయి. పదేళ్ల తర్వాత ఒక్కటీ మిగలదు. ఇక్కడుంటే వందేళ్లుంటాయి.”

ఆయన చెప్పిందాంట్లో అబద్ధం లేదు. ఒకటి నానిపోవడం నేను చూశాను. అందుకే నాకు ఇంకా కోపం వచ్చింది.

“వందేళ్లుంటయ్. ఎవరికుంటయ్ సార్?” అన్నాను.

“అందరికీ.”

“వాళ్లు అందరికి చెప్పలేదు. ఇంట్ల చింతపండు కొట్టుకుంట, వాళ్ల కోడలికి, మనవలికి, మా చెల్లెకు చెప్పిన్రు.”

“అమ్మా, మేం దాన్ని ఎంత బాగా చేశామో చూశారు కదా. నాయిస్ అంతా తీసేశాం. మధ్యలో ఎవరో ఊఁ, ఊఁ అని డిస్టర్బెన్సు ఉంటే అది కూడా శుభ్రం చేయించాం.”

తమ్ముడు తల వంచుకున్నాడు. ఆ ‘ఎవరో’ ఎవరో నేను చెప్పలేదు. చెబితే ఏడుపు వస్తుంది. నేను అక్కడికి ఏడవడానికి పోలేదు.

“ఆమె ఏం చెప్పిందో మీకు తెలుసా?” అని అడిగాను.

“ట్రాన్స్‌లేషన్‌కు పంపించాం. ఇంకా రాలేదు.”

“ఏడుస్తున్నదో నవ్వుతున్నదో తెలవకముందే పిల్లనగ్రోవి ఎట్ల పెట్టిన్రు సార్?”

ఆయన పేపర్‌వెయిట్ తిప్పాడు. తర్వాత బేరానికి దిగాడు. కార్డులు ఇక్కడుంచితే కాపీలు ఇస్తానన్నాడు. చెల్లెలి పేరు మీద అవార్డు అన్నాడు. ఆమె బొమ్మ గోడ మీద వేయిస్తానన్నాడు. నేను సంచిలోంచి జపమాల తీసి ఒళ్లో పెట్టుకున్నాను. “మీ పని మీరు చేసుకోన్రి సార్. నేనిక్కడ్నే కూర్చుంట” అన్నాను. కళ్లు మూసుకున్నాను. నామం రాలేదు. ఊరికే పూసలు తిప్పాను. ఆ సంగతి ఆయనకు తెలియదు.

ఎంతసేపైందో, తమ్ముడి గొంతు వినిపించింది.

“ఇచ్చెయ్యున్రి సార్. మా అక్క లేవదు. మా నాయన అంతటోడే ఓడిపోయిండు. ఆ ఇండ్లు మీకు చూపించింది నేను. గూడెం మొకాన మళ్ల నేనే నిలబడాలె.”

కవరు తెచ్చి బల్ల మీద పెట్టాడు. వాళ్ల మెషిన్లో ఉన్నవి కూడా నా ముందే తీసేయమన్నాను. మా చెల్లెలు వాళ్ల కళ్ల ముందే తీసేసేదని చెప్పాను. ఒక కుర్రాణ్ని పిలిచి ఏవేవో నొక్కించి, “అయిపోయిందమ్మా” అన్నాడు. అయిందో లేదో నాకు తెలియదు. ఆ మెషిన్ల సంగతి రాముడికే తెలియాలి. పిల్లనగ్రోవి మాత్రం ఇంకా తిరుగుతోంది. మీ ఫోన్లోకి వస్తే తీసేయండి. కన్నమ్మ వాళ్లమ్మ ఏడవలేదు. అది మీకు చెప్పడానికే ఇదంతా రాశాను.

గుమ్మం దాటుతుంటే సారు వెనక నుంచి అన్నాడు, “ఏది ఎవరిదో మాకే తెలియదు. మీరెలా ఇస్తారు?”

నిజమే. బస్సులో కవరు విప్పి చూస్తే అన్నీ ఒక్కలాగే ఉన్నాయి. నల్లగా, గోరంత. పేరు లేదు, ఊరు లేదు. ఎవరింటిదో చెప్పగలిగిన ఒకే ఒక్క మనిషిని మేం కాల్చి వచ్చాం.

తమ్ముడు, నేను గూడెం వెళ్లాం. వాగులో మోకాలి లోతు నీళ్లు. కన్నమ్మ వాకిట్లో పందిరి కింద అందరూ చేరారు. తమ్ముడు ముందు చేతులు జోడించాడు. ఒకాయన, “నువ్వు నర్సమ్మ తమ్మునివి. లేకుంటే తన్నేటోళ్లం” అన్నాడు. అందరూ నవ్వారు. తమ్ముడు నవ్వలేదు.

“ఇండ్లకెట్ల పంచుదాం?” అంటే కన్నమ్మే చెప్పింది. “ఒక్కొక్కటి డబ్బల పెట్టు పెద్దమ్మా. ఎవలి మాట వాళ్లకెరుక కాదా?”

మొదటి కార్డు పెట్టాను. గరగర, కోడి కూత, దాని వెనక ఒక ముసలి గొంతు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. నేను ముఖాలు చూస్తూ కూర్చున్నాను. రెండు మాటలు పడకముందే ఒక మూల నుంచి ఒకడు లేచాడు. ముందుకు వచ్చి రెండు చేతులూ చాపాడు. తీసి ఇచ్చాను. మరొకటి పెట్టాను. ఈసారి ఇద్దరు అక్కాచెల్లెళ్లు ఒకేసారి లేచి, ఒకరినొకరు చూసుకుని, ఎవరి దగ్గర ఉంచుకోవాలో అక్కడే కీచులాడుకున్నారు. ఒక గొంతు రాగానే చంటిపిల్ల “తాతా” అని డబ్బా వైపు పాకింది. తాయెత్తు ఆమె తన అత్త దగ్గు వినే పట్టుకుంది. మాట దాకా ఆగలేదు.

ప్రతి దాంట్లోనూ మధ్యమధ్యన ‘ఊఁ’. కార్డుల్లో ఉన్నది చెరపలేదు వాళ్లు. ఆ భాషలో నాకు తెలిసిన మాట అదొక్కటే. ఒక్కో ఇంట్లో ఒక్కోలాగా కొట్టింది. ఒకచోట నోట్లో ఏదో నములుతూ. ఒకచోట ముక్కు కారుతూ. కన్నమ్మ వాళ్లమ్మ దగ్గర నవ్వు ఆపుకోలేక, ఊఁ అనబోయి పొలమారింది. నీళ్లు తాగిన చప్పుడు కూడా ఉంది. వాకిలంతా నవ్వింది. అప్పుడు నేను ఏడ్చాను. ఎవరూ నన్ను ఊరుకోబెట్టలేదు. అందుకు వాళ్లకు దండం పెడతాను.

చివరికి ఒక్క కార్డు మిగిలింది. పెట్టాను. గట్టి గొంతు, కంచు మోగినట్టు. గుంపులో అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఎవరో అందరికీ తెలుసు. లేచేవాళ్లు లేరు.

“ఆమె పోయింది. ఒక్కడే కొడుకు. మిరప తోటలల్ల పనికని పోయి మళ్ల రాలే. ఇల్లు మూసే ఉన్నది” అన్నది కన్నమ్మ.

ఎవరి మాట వాళ్లింట్లో ఉండాలని సారు మొహం మీద చెప్పి వచ్చాను. ఇల్లే లేకపోతే? చెల్లెలు దీనికేం చెప్పేదో నాకు తోచలేదు. మూసిన తలుపు సందులో పెట్టి రావాలా? గోదాట్లో కలపాలా? కార్డు అరచేతిలో పెట్టుకుని నిలబడిపోయాను. నేను తీసుకుపోతే నేనూ సారూ ఒక్కటే.

“నాకియ్యి.”

వెనక నుంచి ఒక ముసలామె. నడుము వంగిపోయింది, కర్ర ఊతం. వాకిలి గొల్లుమంది.

“నీకెందుకే అవ్వా? బతికినన్నొద్దులు దాని మొకం సూడకపోతివి!” అన్నది కన్నమ్మ. నా వైపు తిరిగి చెప్పింది. “ఇద్దరి ఇండ్ల నడుమ ఇప్పచెట్టు ఉన్నది పెద్దమ్మా. పువ్వు ఎవలి దిక్కు పడితే వాళ్లది. గాలొస్తే లొల్లి. గట్ల మాటలు బందైనయ్.”

“మొకం సూడలే. అవ్” అన్నది ముసలామె. “మాట ఇన్నగద. దడి అవతల నుంచి రోజు తిట్టేది. అది తిట్టకపోతే నాకు తెల్లారకపోయేది. ఇప్పుడు పువ్వంత నేనే ఏరుకుంటున్న. అడిగెటోళ్లు లేరు.” చేయి చాపింది. “ఇటియ్యి.”

ఎవరూ నవ్వలేదు ఈసారి. ఆమెకు డబ్బా లేదు. కన్నమ్మ తన డబ్బాలోనే కార్డు పెట్టి ఆమె ఒళ్లో ఉంచింది. ఆమె కర్ర పక్కన పడేసి, కాళ్లు చాపుకుని, డబ్బా దగ్గరకు చెవి వంచి వింది. కాసేపు బాగానే వింది. తర్వాత ఒక్కసారిగా నిటారుగా లేచి కూర్చుంది. డబ్బా మీద వేలు ఆడిస్తూ గయ్యిమంది.

“ఏమంటున్నది?” అని కన్నమ్మను అడిగాను.

“చెట్టు మా మామ పెట్టిండు, పువ్వంత నాదే అంటున్నది అది. నీ మామ కాదే, నా మామ అంటున్నది ఈమె.”

డబ్బాలో గొంతు ఆగలేదు. దానికి ఆగడం తెలియదు. ముసలామె దాని మీదికి గొంతు లేపింది. అది ఇంకా చెబుతూనే ఉంది. ఈమె చేతులు తిప్పుతూ, కొంగు దులుపుతూ, మెడ నరాలు బిగించి జవాబు చెబుతూనే ఉంది. ఎప్పుడో డబ్బా గమ్మున ఊరుకుంది. ముసలామె కూడా మాట మధ్యలో ఆగింది. డబ్బాను అటూ ఇటూ తిప్పి చూసింది. చెవికి ఆనించుకుంది. వాకిలంతా ఆమెనే చూస్తోంది.

“మళ్ల పెట్టవే కన్నమ్మా” అన్నది, డబ్బా చాపి. “నాది ఇంక అయిపోలే.”